ఎండాకాలం ఇంటి బడి



కాలవలు కట్టేశారు. మినుములు అమ్ముకున్నాం. దుక్కికి వాన కోసం చూస్తున్నాం. చేతిలో నాలుగు రోజులు ఖాళీ ఉంది కాబట్టి, టీ కొట్టు దగ్గరా ఎరువుల కొట్టు దగ్గరా మీరు నన్ను అడిగే ప్రశ్నకి ఈసారి కూర్చుని జవాబు రాస్తున్నాను. "ఏమయ్యా, మీ మనవల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నారంటగా, అదేం చదువు?" అని మీరు అడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను. రెండు మాటల్లో తేలేది కాదు గనక ఊరుకున్నాను. ఇవాళ పోస్టు కొంచెం పొడవు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు జరిగింది చెప్తాను. 2020 మార్చిలో కరోనాకి బడులు మూతపడ్డాయి. అప్పటికి మా పెద్ద మనవరాలికి ఆరేళ్లు, చిన్నోడికి రెండేళ్లు. పెద్దది అంతకుముందు ఒక ఇంగ్లీషు మీడియం బడికి వ్యానులో వెళ్లేది. అక్కడ తెలుగులో మాట్లాడితే జరిమానా. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, ఆ ఏడాది ఎవరైనా పలకరిస్తే తల వంచుకునేది. బడి మూతపడ్డాక మా కోడలు ఇంట్లోనే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె బీఎడ్ చదివింది. ఆరు నెలల్లో పిల్ల మళ్లీ నోరు విప్పింది. బడులు తెరిచాక, "మామయ్యగారూ, ఇంకొన్నాళ్లు నేనే చెప్తాను" అంది. మా అబ్బాయి సరే అన్నాడు. అలా ఐదేళ్లయింది.

ఈ పద్ధతి మా కోడలికి వాళ్ల అక్క దగ్గర తెలిసింది. ఆమె అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ దీన్ని హోమ్ స్కూలింగ్ అంటారు. 1993 నాటికే అక్కడి 50 రాష్ట్రాల్లోనూ చట్టం దీన్ని ఒప్పుకుంది. ఇలా చదివించేవాళ్లలో మా క్రైస్తవ కుటుంబాలు చాలానే ఉన్నాయి. మన దగ్గర ఇది కొత్త. మనవాళ్లకి మొదట వచ్చిన అనుమానం వేరు: "బడికి పంపకపోతే అమ్మ ఒడి డబ్బులు రావుగా?" రావు. అప్పట్లో ఏడాదికి 15 వేలు, బడిలో హాజరు ఉంటేనే ఇచ్చేవాళ్లు. మాకు రాలేదు. అది తెలిసే చేశాం.

ఇప్పుడు ఎండాకాలం సంగతికి వస్తాను. బడి పిల్లలకి ఏప్రిల్ చివర నుంచి జూన్ 12 దాకా సెలవులు. మా ఇంట్లో మాత్రం అసలు బడి నడిచేది ఈ నెలన్నరే అని నేనంటాను. ఎందుకంటే పొలం పని తగ్గి నేను ఇంట్లో ఉంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం కాబట్టి, హార్బరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే మా అబ్బాయికీ పని ఉండదు. సెలవులకి మా అమ్మాయి పిల్లలిద్దరూ కూడా వచ్చేస్తారు. నలుగురు పిల్లలు, నలుగురు పెద్దవాళ్లం.

తెల్లవారి ఐదింటికి లేస్తాం. ముందు కుటుంబ ప్రార్థన. మా ఇంటావిడ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి ఒక పాట ఎత్తుకుంటుంది. పిల్లలు సగం నిద్రలో గొంతు కలుపుతారు. తర్వాత బైబిల్లో ఒక అధ్యాయం, తలా ఒక వచనం. ఏడేళ్ల చిన్నోడు గుణింతం కూడబలుక్కుంటూ చదువుతాడు. వాడి వంతు వచ్చినప్పుడు ఎవరూ అందివ్వకూడదని మా ఇంట్లో కట్టుబాటు. ఎంతసేపైనా ఆగాలి. బయట ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతి చదివే మా అమ్మాయి కొడుకు మొదటి వారం వాడికంటే వెనకబడ్డాడు. ఇప్పుడు పర్వాలేదు.

తెలుగు బైబిల్లో భాష పాతది. అది మాకు కలిసొచ్చింది. పిల్లలు ప్రతి రెండో మాటకీ అర్థం అడుగుతారు, ఆ అర్థాలన్నీ మన చేలోనే దొరుకుతాయి. గోధుమల్లో గురుగులు మొలిచిన ఉపమానం వచ్చింది. శత్రువు రాత్రి వచ్చి గురుగులు చల్లి పోతాడు. పనివాళ్లు పీకేస్తామంటే యజమాని కోత దాకా ఆగమంటాడు. "ఎందుకు ఆగాలి తాతా, అప్పుడే పీకెయ్యొచ్చుగా?" అని పెద్దది అడిగింది. ఊద గడ్డి సంగతి చెప్పాను. నారులో ఉన్నప్పుడు వరికీ ఊదకీ తేడా మీలో ఎంతమంది కనిపెట్టగలరు? వెన్ను తీసేదాకా రెండూ ఒకలాగే ఉంటాయి. తొందరపడి పీకితే వరి వేరు కూడా కదులుతుంది. పిల్లకి ఉపమానం అర్థమైంది, ఊద కూడా తెలిసింది. వచ్చే సార్వాలో కలుపుకి నాతో వస్తానంది. చూడాలి.

ఇంకోరోజు రూతు కథ వచ్చింది. భర్త పోయిన ఆడమనిషి, అత్తని వెంటబెట్టుకుని పరాయి ఊరు వచ్చి, కోత కోసిన చేలో పరిగె ఏరుకుని ఇద్దరి పొట్టా నింపుతుంది. "పరిగె అంటే?" అని నలుగురూ ఒకేసారి అడిగారు. మా ఇంటావిడ చెప్పింది. కోత అయ్యాక చేలో రాలిపోయిన కంకులు ఏరుకోవడమే పరిగె. వాళ్లమ్మ ఏరింది, మా నాయనమ్మ ఏరింది. పరాయివాళ్ల చేలో, వాళ్లు వద్దనకపోతే. ఒళ్లో పోసుకుని వచ్చి దంచితే ఆ రోజు అన్నం. ఇప్పుడు మిషను కోతలు. పరిగె మాట పుస్తకంలో మిగిలింది, చేలో పోయింది. ఆ రోజు పిల్లలు అన్నం మెతుకు వదల్లేదు. రెండో రోజు మామూలే, అది వేరే సంగతి.

ఆరున్నరకి సద్దన్నం తిని చేలోకి. ఎండ ఎక్కేలోపు వచ్చెయ్యాలి. ఈ నెల మేం చేసిన పనులు చెప్తాను, మీకూ పనికొస్తాయి.

ఒకటి, మొలక పరీక్ష. ఇంట్లో దాచిన వరి విత్తనంలోంచి సంచి పైనా మధ్యా అడుగునా తీసి కలిపి, వంద గింజలు లెక్కపెట్టి తడిగోనె ముక్కలో చుట్టి నీడన పెట్టాం. పిల్లలు పూటపూటా నీళ్లు చిలకరించారు. తర్వాత మొలకలు లెక్కపెడితే 87. శాతం అంటే ఏంటో మా కోడలు ఆరోజు పలక పట్టకుండా చెప్పింది. వందకి 87 మొలిస్తే 87 శాతం, అంతే. వరి విత్తనానికి కనీసం 80 ఉండాలి, మినుముకి 75. మా వరి గట్టెక్కింది. మినుము 71 వచ్చింది. ఆ విత్తనం ఇక వెయ్యం, పప్పుకి వాడేస్తాం. పది పైసల ఖర్చు లేదు. మీరూ మీ పిల్లల చేత చేయించండి, లెక్కా వస్తుంది, మోసపోకుండానూ ఉంటాం.

రెండు, చేను కొలత. నాకున్నది రెండెకరాల పది సెంట్లు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. తాడు పట్టుకుని 20 అడుగుల పొడవు, 22 అడుగులకి కాస్త తక్కువ వెడల్పు గట్టు మీద గీసి, "ఇదీ సెంటు" అని చూపించాం. చిన్నోడు అందులో పడుకుని చూశాడు. పట్నంలో ఇల్లు కట్టుకునేవాళ్లు రెండు సెంట్లు, మూడు సెంట్లు అంటే ఎంతో ఇప్పుడు వాళ్ల కళ్లకి తెలుసు.

మూడు, ధాన్యం లెక్క. ఇది కొంచెం కష్టమైంది. ఎకరానికి 28 బస్తాలు, బస్తా 75 కిలోలు. అంటే 21 క్వింటాళ్లు. 2024 సార్వాకి ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర క్వింటా 2,320. పెద్దది గుణించి 48,720 అంది. బస్తాకి 1,740 చొప్పున ఇంకోరకంగా వేసి చూసింది, అదే వచ్చింది. సంతోషపడింది. తర్వాత నా మొహం చూసి, "నీకు అంత వచ్చిందా తాతా?" అంది. రాలేదు. కోత రోజుల్లో మబ్బు పట్టింది, తేమ 17 శాతం దాటింది, ఆరబెట్టే చోటు లేదు, బస్తా 1,500కి కళ్లంలోనే తూకం వేయించాను. పిల్ల మళ్లీ లెక్క వేసింది. బస్తాకి 240 తేడా, ఎకరానికి 6,720. "మరి ఆ 6,720 ఎవరి దగ్గర ఉంది?" అని అడిగింది. మీరైతే ఏం చెప్తారు? టార్పాలిన్లు, రోడ్డు పక్క ఆరబోత, హమాలీ కూలి, పట్టాదారు పాసుబుక్కు, కౌలు కార్డు, అన్నీ ఓపిగ్గా చెప్పుకొచ్చాను. పదకొండేళ్ల పిల్లకి ఇది అక్కర్లేని లెక్క అని మా ఇంటావిడ అంది. అన్నం తినే ప్రతివాళ్లకీ అక్కరే అని నేనన్నాను.

తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా మా కోడలి బడి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, అన్నీ ప్రభుత్వం వాళ్ల పాఠ్యపుస్తకాలే. మధ్యాహ్నం ఉక్కపోతకి అందరూ నేలమీద పడుకుంటారు. లేచాక ముంజలు. తాటికాయకి సాధారణంగా మూడు ముంజలు ఉంటాయి. కాయలు ఏడు కొడితే ముంజలెన్ని? మూడో ఎక్కం చిన్నోడికి అలా వచ్చింది. రెండు కళ్ల కాయ వస్తే మాత్రం లెక్క తప్పిందని గోల.

సాయంత్రం పైరగాలి మొదలయ్యాక హార్బరుకి. వేట లేదు గదా, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. రంగులేసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు. ఈ 61 రోజులు చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని, ఇప్పుడు వదిలిపెడితేనే తర్వాత వలలో పడతాయని మా అబ్బాయి పిల్లలకి చెప్పాడు. మనం విత్తనం తినెయ్యకుండా దాచుకున్నట్టే. పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు, పున్నమికీ అమావాస్యకీ నీళ్లు ఎందుకు ఎక్కువ పొంగుతాయి, ఇవి బోటువాళ్లకి తెలిసినంత పుస్తకాల్లో చదివినవాళ్లకి తెలియదు. మన ఊరి సంగతి కూడా చెప్పాను. 1606లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు సరుకుల కోసం మన రేవుకే వచ్చారు. పేటపోలి అని రాసుకున్నారు. ఇంగ్లీషు మన దగ్గరికి నడిచొచ్చిన ఊరు మనది, దానికోసం మన పిల్లలు తెలుగు మాట్లాడితే జరిమానా కట్టాలా, మీరే చెప్పండి.

ఇంతవరకు చదివి, ఇంటి బడే మంచిదని నేను చెప్తున్నాననుకుంటారు. పూర్తిగా వినండి.

మే రెండో వారంలో మా చర్చిలో సెలవుల బైబిల్ బడి పెట్టారు. వీబీఎస్ అంటారు. దీనికీ ఒక కథ ఉంది. 1898లో న్యూయార్కులో హాస్ అనే ఒక డాక్టరు గారి భార్య, ఎండాకాలం వీధుల్లో తిరిగే బీదపిల్లల కోసం చోటు దొరక్క ఒక బీరు హాలు అద్దెకి తీసుకుని నడిపిన బడిలోంచి ఈ ఆలోచన పెరిగింది. మన పేటల్లోకి వచ్చేసరికి చర్చి ముందు చలవ పందిరి, అభినయం పాటలు, బొమ్మలకి రంగులు, మజ్జిగ, చివరి రోజు బహుమతులు. మా చర్చి పిల్లలే కాదు, హిందువుల పిల్లలు, సాయిబుల పిల్లలు కూడా వస్తారు. ఆటలున్న చోటికి పిల్లలు రాకుండా ఉంటారా?

అక్కడ బైబిలు ప్రశ్నల పోటీలో మా పెద్దదానికి మొదటి బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఇంకోటి గుర్తుండిపోయింది. టీచరమ్మ ఆటకి పిల్లల్ని జతలు జతలుగా నిలబడమంది. అందరూ పరుగెత్తి ఎవరి స్నేహితుల చెయ్యి వాళ్లు పట్టుకున్నారు. మా పెద్దది అటూ ఇటూ చూసి, వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. రోజూ అంతే. ఏడు రోజులూ.

ఆ రాత్రి మంచాలు వాకిట్లో వేసుకున్నాక మా ఇంట్లో మాట లేచింది. నా మాట ఇది. మా తాత పాలేరు. పగలు గొడ్ల వెంట ఉండేవాడు. ఆయనకి అక్షరాలు వచ్చింది చర్చి పాకలో రాత్రి బడిలో, లాంతరు కింద. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చాక, మన పాత గుంటూరు జిల్లా పల్లెల్లో చర్చి లేచిన చోట బడి లేచింది. చాలాచోట్ల రెండూ ఒకే పాక. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల కూడా 1885లో అలా మొదలైందే. మా నాన్న పగటి బడికి వెళ్లాడు గానీ, ఆ బడిలో మా పేట పిల్లలకి చోటు గుమ్మం దగ్గర. నేను బెంచీ మీద కూర్చున్నాను, అందరితో కలిసి. ఇంటర్ దాకా చదివాను. గుమ్మం దగ్గర నుంచి బెంచీ దాకా రావడానికి మా ఇంట్లో మూడు తరాలు పట్టింది. ఆ బెంచీ మన అంతట మనమే ఖాళీ చెయ్యడం నాకు మనసొప్పదని చెప్పాను.

మా కోడలు కూడా గట్టి మనిషే. "మామయ్యగారూ, బెంచీ మీద కూర్చుంటే చాలా? అక్కడ నోరు మూసుకుని కూర్చున్న రోజులు మీరే చూశారు కదా" అంది. ఆమె మాటలో న్యాయముంది. బడిలో చోటు వేరు, చదువు వేరు. రెండూ ఒకచోట దొరికితే ఇంత గొడవే లేదు. మా అబ్బాయి చట్టం సంగతి ఎత్తాడు. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. ఇంటి చదువు మాట అందులో లేదు, తల్లిదండ్రులకి శిక్షా లేదు. ఇంట్లోనే చదివినా 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూలులో పదో తరగతి పరీక్ష రాయొచ్చు. కాబట్టి దారి మూసుకుపోలేదు.

పెద్దది నిద్రపోయిందనుకున్నాం. పోలేదు. దుప్పట్లోంచి, "ఆరో తరగతిలో చేరితే నన్ను వాళ్ల ఆటలో చేర్చుకుంటారా?" అని అడిగింది. మా కోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చేర్చుకుంటారు. కొన్ని రోజులు పడుతుంది" అంది.

జూన్ 12న పెద్దదాన్ని జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతిలో వేస్తున్నాం. చిన్నోడి సంగతి వాళ్లమ్మ ఇంకా తేల్చలేదు, నేనూ తొందరపెట్టను. పొద్దుట ప్రార్థన, బైబిలు చదువు, శనాదివారాల్లో చేను, ఇవి మాత్రం ఇద్దరికీ మానిపించం. బడి వచ్చిందని ఇంటి చదువు పోకూడదు.

మీకు నేను చెప్పదలుచుకున్నది ఇంతే. పిల్లల్ని బడికి పంపండి, తప్పనిసరిగా పంపండి. మధ్యలో మానేసిన పిల్లలు మీ వీధిలో ఉంటే వాళ్లకీ చెప్పండి. విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేకంగా చెప్పాలి. వయసు కాగితం లేదని వెనక్కి పంపకూడదు. కానీ బ్యాగు తగిలించి వ్యాను ఎక్కించడంతో మన పని అయిపోయిందనుకోకండి. బడి తెరవడానికి ఇంకా నాలుగు వారాలుంది. రోజుకో గంట ఫోను పక్కన పెట్టి పిల్లల పక్కన కూర్చోండి. మీది ఏ మతమైనా, మీ ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం ఏదైనా, రోజుకో పేజీ గట్టిగా చదివించండి. తప్పు చదివితే కసురుకోకండి, ఆగండి. విత్తనం లెక్కపెట్టించండి. చేను కొలిపించండి. ధాన్యం అమ్మిన చీటీ చూపించండి, అందులో కోత ఎంతో వాళ్ల చేతే కట్టించండి. మనం అప్పులు, ధరల సంగతి పిల్లల దగ్గర దాస్తాం, తర్వాత వాళ్లకి వ్యవసాయం తెలియదని తిడతాం.

మొలక పరీక్ష చేసినవాళ్లు మీ విత్తనం ఎంత శాతం వచ్చిందో ఇక్కడ రాయండి. 80కి తక్కువ వచ్చినవాళ్లు ఇప్పుడే తెలిసింది గనక విత్తనం వెతుక్కోవడానికి టైముంది. ఉంటాను.